గొంతు పోయిన గౌరునాయుడు మాస్టారు

ఉద్దానం జీడితోటల మధ్య పెదవలస అనే ఊళ్లో గౌరునాయుడు అనే మాస్టారు ఉండేవాడు. చదువు చెవిలోంచి తప్ప మరో దారిన పిల్లల బుర్రలోకి వెళ్లదని ఆయన మొండి నమ్మకం. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం.

అలాగని ఆయన్ని ఊరికే ఆడిపోసుకోకూడదు. ఆ గొంతు అలాంటిది. కంచుగంట కొట్టినట్టు ఖంగుమనేది. ఎక్కాలకి ఒక రాగం, భిన్నాలకి ఒక రాగం, కొలతలకి ఒక రాగం కట్టుకున్నాడు. ఆయన ఒక వరస అంటే పిల్లలంతా గొంతెత్తి ఆ వరస అనేవారు. దారినపోయేవాళ్లు సైకిలు ఆపుకుని మరీ వినేవారు. మాస్టారు కళ్లు మూసుకుని, తల ఊపుతూ, బల్ల మీద తాళం వేస్తూ ఆ హోరులో తేలిపోయేవాడు. చిన్నప్పుడు ఆయన నేర్చుకున్నదీ అలాగే. ఒక్కసారి చెవిన పడితే చాలు, మళ్లీ మరిచిపోయేవాడు కాదు. తనకి అలా వచ్చింది కాబట్టి అందరికీ అలాగే రావాలి. రాలేదంటే ఒళ్లు బద్ధకం. దానికింక మారుమాట లేదు.

శ్యామల అనే పిల్ల ఆయనకి పంచప్రాణాలు. ఎంత పెద్ద లెక్కయినా రాగంలో పెట్టి చెబితే చాలు, చిలకలా అప్పజెప్పేది. ఏటా మండలంలో లెక్కల పోటీ జరిగేది. శ్యామలలాంటి గట్టి పిల్లల్ని నలుగురైదుగురిని ఏరి తీసుకెళ్లి మాస్టారు కప్పు పట్టుకొచ్చేవాడు. మిగతావాళ్లు రోడ్డు మీద నిలబడి చప్పట్లు కొట్టేవారు.

అలా చప్పట్లు కొట్టేవాళ్లలో ఆదిలక్ష్మి ఒకతె. ఐదో తరగతి. అందరితో కలిసి వరస అనేటప్పుడు ఆ పిల్ల నోరు తాళానికి తగ్గట్టు చక్కగా కదిలేది. ఒక్కదాన్నే లేపి అడిగితే మాత్రం బెల్లం కొట్టిన రాయిలా నిలబడిపోయేది. ఎంత చెప్పినా ఇంతేనా అని మాస్టారికి ఒళ్లు మండేది.

ఒకరోజు ఆదిలక్ష్మి తండ్రి సూర్రావు తోట పని నుంచి వస్తూ బడి దగ్గర ఆగాడు. తలపాగా విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"మాస్టారూ, ఉన్నమాట సెప్పీయండి. మా గుంటకి సదువు అబ్బుద్దా?"

"అబ్బదు సూర్రావ్," అన్నాడు మాస్టారు, కాస్తయినా ఆలోచించకుండా. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని."

సూర్రావు తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు. ఊళ్లో బడి ఐదో తరగతితో సరి. ఆపైన చదవాలంటే టౌన్లో హాస్టల్లో ఉండాలి. రాని చదువు కోసం ఆడపిల్లని అంత దూరం పంపడం ఎందుకు, వేసవి రాగానే తల్లితోపాటు జీడిపప్పు ఫ్యాక్టరీలో పెట్టేస్తానని చెప్పి వెళ్లిపోయాడు. మాస్టారు సరేనన్నట్టు తలూపాడు. తలుపు వెనక నిలబడి ఆదిలక్ష్మి ఈ మాటలన్నీ విన్నది. జీడిసొనకి తల్లి వేళ్లు నల్లబడి తోలు ఊడిపోవడం ఆ పిల్ల రోజూ చూస్తూనే ఉంది. పైగా ఆదిలక్ష్మికి బడంటే ప్రాణం. ఏమీ రాకపోయినా సరే, ఒక్కరోజు కూడా మానేది కాదు.

ఇంతలో మండలం నుంచి కబురొచ్చింది. ఈ ఏడు పోటీకి ఏరుకొచ్చిన పిల్లలు పనికిరారట. ఐదో తరగతి మొత్తం రావాలట. ఎవరు జవాబు చెప్పాలో పరీక్ష పెట్టేవాళ్లే వేలు చూపించి లేపుతారట. మాస్టారి గుండె గుభేలుమంది. ఆదిలక్ష్మి మాత్రం ఇంటికి పరుగెత్తింది. పోటీలో తనని లేపితే జవాబు చెబుతానని, చెబితే టౌన్లో చదివించాలని తండ్రి చేతులు పట్టుకుని ఊపేసింది. సూర్రావు మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, నలుగురిలో నిలబడి ఒక్క జవాబు సరిగ్గా చెప్పినా పంపిస్తానని మాటిచ్చాడు. చెప్పలేకపోతే మళ్లీ ఆ ఊసు ఎత్తకూడదన్నాడు. సరేనంది ఆదిలక్ష్మి. అయితే ఆ ఒక్క జవాబు ఎక్కణ్ణుంచి తేవాలో దానికి తెలియదు.

మాస్టారికి తెలిసిన మందు ఒకటే. గొంతు పెంచాడు. పొద్దున్నే మొదలుపెట్టి సాయంత్రం దాకా వరసలు చెప్పించాడు. రాగాలు పైకి, ఇంకా పైకి ఎక్కాయి. తోటల్లో పనిచేసేవాళ్లకి కూడా భిన్నాలు వచ్చేసేలా ఉన్నాయి. వారం తిరిగేసరికి ఒకరోజు "మూడు పావులు ముప్పావు" అనబోయి మాస్టారు నోరు తెరిచాడు. గాలి తప్ప మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. కప్ప బెకబెకమన్నట్టు ఏదో వచ్చింది. పిల్లలు కిసుక్కుమన్నారు.

టౌన్లో డాక్టరు గొంతులో లైటు వేసి చూసి తల అడ్డంగా ఊపాడు. పోటీ అయ్యేదాకా పెదవి విప్పొద్దన్నాడు. మొండికేసి విప్పితే ఆ గొంతు ఇంక తిరిగి రాదని గట్టిగా చెప్పాడు. బడికి మాస్టారు ఒక్కడే. సెలవు పెడితే తాళం వేయాల్సిందే. ఆయన పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. మాట్లాడలేడు, మానలేడు.

మర్నాడు బడికి వచ్చి, శ్యామలని ముందు నిలబెట్టి వరస అందుకోమని సైగ చేశాడు. శ్యామల అందుకుంది. పిల్లలు హోరెత్తించారు. తాను పాడే పని లేదు కాబట్టి మాస్టారు కళ్లు తెరిచి వాళ్లనే చూస్తూ కూర్చున్నాడు. ఇన్నేళ్లలో వరస నడుస్తుండగా ఆయన పిల్లల మొహాలు చూడటం అదే మొదటిసారి.

చూసి కొయ్యబారిపోయాడు. శ్యామల, ఆమె పక్కన ఇంకొందరు గట్టిగా చెబుతున్నారు. రెండో వరసలో పెదాలు ఒక మాట ఆలస్యంగా కదులుతున్నాయి. లింగరాజు అనే కుర్రాడు కూర్చున్నచోటే కుదురులేక మోకాళ్లు ఊపుతూ గోడ మీద బల్లిని చూసి ఏదో గొణుగుతున్నాడు. చివరి వరసలో అయితే అంతా గుంపులో గోవిందా. మాస్టారు లేచి మెల్లగా వెళ్లి ఆదిలక్ష్మి దగ్గర వంగాడు. తన చెవిని ఆ పిల్ల నోటి దగ్గర పెట్టాడు. పెదాలు తాళం తప్పకుండా కదులుతున్నాయి. లోపలి నుంచి ఒక్క అక్షరం కూడా రావడం లేదు.

ఆదిలక్ష్మి భయపడి ఆపేసింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. తిట్టడానికి మాస్టారి దగ్గర గొంతు లేదు. లేకపోవడమే మంచిదైంది. తిట్టేసి ఉంటే ఆయన మనసు తేలికపడిపోయేది. తిట్టలేకపోయేసరికి ఆలోచించక తప్పింది కాదు. దారినపోయేవాళ్లు మెచ్చుకున్న ఆ పాటలో సగం మంది లేరన్నమాట. తాను కళ్లు మూసుకుని మురిసిపోయింది సగం తరగతి పాటకేనన్నమాట. ఆయనకి సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలు ఎండిన జీడిపిక్కలతో ఆట మొదలుపెట్టారు. ఆ ఊళ్లో పిల్లల జేబుల్లో పిక్కలు లేని రోజు ఉండదు. కొంతసేపటికి గొడవ లేచింది. గోవిందు అనే కుర్రాడు, మరో ముగ్గురు కలిసి గెలిచిన కుప్పని పంచుకోవాలి. ఎవరికెంతో తేలడం లేదు. ఎవరో ఆదిలక్ష్మిని పిలిచారు. ఆ పిల్ల వచ్చి గొంతుకూర్చుంది. పెట్టుబడి పిక్కల్లో సగం గోవిందువే కాబట్టి కుప్పలో సగం వాడి వైపు తోసింది. మిగిలిన సగాన్ని వేళ్లతో టకటకా మూడు కుప్పలు చేసి ఒకరి వైపు ఒకటి జరిపింది. మొత్తంలో ఆ ముగ్గురికీ తలా ఆరో వంతు వచ్చింది. గొడవ సద్దుమణిగింది.

వరండాలో కూర్చున్న మాస్టారు దిగ్గున లేచాడు. సగంలో మూడో వంతు ఎంతని గొంతు పోకముందు ఆయన అడిగిన లెక్కే అది! బెల్లం కొట్టిన రాయిలా నిలబడింది ఈ పిల్లే! ఇస్త్రీ పంచె సంగతి మరిచిపోయి మాస్టారు దుమ్ములో చతికిలబడ్డాడు. పిక్కలు దగ్గరికి లాక్కుని వేళ్లతో సైగ చేస్తూ ఇంకో లెక్క వేశాడు. ఆదిలక్ష్మి మొదట బెదిరింది. తర్వాత వేళ్లు కదిలించింది. సరిగ్గా చెప్పింది. ఇంకో లెక్క. అదీ చెప్పింది. ముప్పావులో సగం అడిగాడు. పిక్కల్ని పేర్చి, విడదీసి, మళ్లీ పేర్చి చెప్పేసింది. మాస్టారు పైకి లేచి గంతేశాడు. పిల్లలు నోళ్లు వెళ్లబెట్టారు. మాట్లాడని మాస్టారు గంతులు వేయడం వాళ్లకి మహా సరదాగా ఉంది.

ఇక ఆయనకి పూనకం వచ్చింది. మర్నాటి నుంచి తరగతి అంతా ఆరుబయటే. బస్తాడు పిక్కలు తెప్పించాడు. ఎక్కాలు పిక్కల్లోనే, భిన్నాలు పిక్కల్లోనే. చివరి వరస పిల్లలు ముందుకొచ్చి కూర్చున్నారు. ఒకళ్ల మీద ఒకళ్లు పడి జవాబులు చెబుతున్నారు. వీళ్లు ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కున్నారా అని ఆయన ఆశ్చర్యపోయాడు. శ్యామల ఒకసారి రాగం తీయబోతే, వద్దని చేత్తో వారించి పిక్కలు చూపించాడు.

రెండు రోజులు గడిచాయి. మాస్టారు మహా హుషారుగా తిరుగుతున్నాడు. ఆదిలక్ష్మి వచ్చి ఆయన చొక్కా పట్టుకుని లాగింది. అంతకుముందు ఆయన దగ్గరికి రావడానికే భయపడేది.

"శ్యామల నాలాగే సేస్తంది మాస్టారూ," అంది మెల్లగా. "అప్పుడు నాను నోరు కదిపీదాన్ని. ఇప్పుడది సేతులు కదుపుతంది."

మాస్టారు తిరిగి చూశాడు. శ్యామల పిక్కలు పేరుస్తోంది. పేర్చినవే మళ్లీ పేరుస్తోంది. పక్కవాళ్ల కుప్పలు దొంగచూపులు చూసి తన కుప్ప సరిచేసుకుంటోంది. మొహం వాడిపోయి ఉంది. బడిలో అందరికంటే తెలివైన పిల్ల రెండు రోజుల్లో చివరి వరసకి చేరిపోయింది, తన కళ్ల ముందే, తాను కళ్లు తెరిచి ఉండగానే. గొంతు పోయినప్పుడు కూడా మాస్టారికి అంత దెబ్బ తగలలేదు. తాను మారాననుకున్నాడు. మారింది దారి మాత్రమే, మొండితనం అలాగే ఉంది. నిన్నటిదాకా అందరినీ చెవి దారిన తోలాడు, ఇవాళ అందరినీ చేతి దారిన తోలుతున్నాడు.

అప్పుడు మొదలైంది అసలు చదువు. పాఠం ఒకటే, పిల్లలు మాత్రం ఎవరి తోవన వాళ్లు. శ్యామల చుట్టూ చేరినవాళ్లు రాగంలో చెప్పుకున్నారు. ఆదిలక్ష్మి చుట్టూ చేరినవాళ్లు పిక్కలు పరుచుకున్నారు. కుదురులేని లింగరాజు కోసం మాస్టారు బడి ఆవరణలో ఈ చివర నుంచి ఆ చివరికి పొడవాటి ముగ్గుగీత గీశాడు. ఆ గీతని అర, పావు, అరపావు అని భాగాలు చేశాడు. వాడు దాని మీద పరుగెత్తి, ఏ భాగం ఎక్కడుందో కాళ్లతో కొలుచుకుని అరిచి చెప్పేవాడు. కూర్చోబెడితే ఒక్క లెక్క రాని కుర్రాడు పరుగెడితే తప్పడమే లేదు. బొమ్మ గీస్తే గాని బోధపడని పిల్లలు గోడంతా సుద్దతో నింపేశారు. ఒకరి దారి ఇంకొకరు చూసి నేర్చుకున్నారు కూడా. శ్యామల ఆదిలక్ష్మికి రాగం నేర్పబోయి, తనే పిక్కలు పంచడం నేర్చుకుంది. మాస్టారు అందరి మధ్యా తిరిగేవాడు. ఎవరి మొహం వెలుగుతోంది, ఎవరి మొహం వాడుతోంది, అదే ఆయన చూసేది. బడి తేనెపట్టులా ఝుమ్మనేది.

పోటీ రోజు వచ్చింది. మండలం హైస్కూలు హాలు కిక్కిరిసిపోయింది. ఎక్కడెక్కడి పిల్లలో, ఎక్కడెక్కడి తల్లిదండ్రులో. పనిలోంచి సరాసరి వచ్చిన సూర్రావు కిటికీ దగ్గర నిలబడి ఊచలు పట్టుకున్నాడు. మాస్టారు గొంతుకి మఫ్లరు చుట్టుకుని పిల్లల వెనక కూర్చున్నాడు.

మొదట శ్యామలని లేపారు. రాగం తీసి గడగడా చెప్పింది. హాలంతా చప్పట్లు. తర్వాత లింగరాజుని లేపారు. వాడు స్టేజీ మీద ఆ కొస నుంచి ఈ కొసకి నడిచి, మధ్యలో ఆగి, ఒక అడుగు వెనక్కి వేసి జవాబు చెప్పాడు. జనం నవ్వారు గాని జవాబు కరెక్టు. చాలాసేపు వేరే ఊళ్ల పిల్లల వంతు నడిచింది. పెదవలస వంతు మళ్లీ వచ్చేసరికి పరీక్ష పెట్టే పెద్దమనిషి కళ్లజోడు సవరించుకుని చివరి వరసలో ఉన్న ఆదిలక్ష్మి వైపు వేలు చూపించి స్టేజీ మీదికి రమ్మన్నాడు.

కిటికీ దగ్గర సూర్రావు ఊచల్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

ప్రశ్న ఇదీ. ఒక పళ్లెంలో ఇరవై నాలుగు లడ్డూలున్నాయి. మూడో వంతు అన్న తిన్నాడు. మిగిలినవాటిలో సగం చెల్లి తిన్నది. ఇంకా ఎన్ని ఉన్నాయి? కాగితం, బలపం ఏదీ వాడకూడదు. అంతకుముందు లేచిన వేరే ఊరి కుర్రాడు ఇదే ప్రశ్నకి తడుముకోకుండా నాలుగని చెప్పి తప్పాడు.

ఆదిలక్ష్మి చేతులు జేబు వైపు వెళ్లాయి. జేబు ఖాళీ. లోపలికి ఏమీ తేకూడదని గుమ్మం దగ్గరే అందరి పిక్కలూ తీయించేశారు. ఆ పిల్ల మాస్టారి వైపు చూసింది. మాస్టారు ఏం చేయగలడు? నోరు విప్పలేడు, విప్పినా అక్కడ సాయం చేయకూడదు. ఎవరో వెనక నుంచి, అయిపోయిందిలే అన్నారు.

ఆదిలక్ష్మి ఉన్నట్టుండి స్టేజీ మీద గొంతుకూర్చుంది. ఒట్టి నేల మీద ఒట్టి వేళ్లతో లేని పిక్కల్ని కుప్ప పోసింది. జనం గొల్లుమన్నారు. ఆ పిల్లకి ఆ నవ్వు వినపడలేదు. లేని కుప్పని మూడుగా చీల్చింది. ఒక భాగాన్ని పక్కకి తోసింది. మిగిలిన రెండు భాగాల్లో ఒకదాన్ని ఇంకోవైపు తోసింది. నేల మీద మిగిలిన ఆ ఒక్క లేని కుప్పని అరచేత్తో కప్పి, తలెత్తింది.

"ఎనిమిదండీ."

"అంతకుముందు ఆ అబ్బాయి నాలుగన్నాడే?" అన్నాడు పెద్దమనిషి, కావాలనే.

"ఆడు మొత్తంలో సగం తీసినాడండీ," అంది ఆదిలక్ష్మి. "మీరు మిగిలినదాంట్లో సగం అన్నారు."

పెద్దమనిషి కుర్చీలోంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత హాలు కొట్టింది. పెదవలస పిల్లలు బెంచీలు ఎక్కేశారు. శ్యామల అందరికంటే గట్టిగా అరిచింది. మాస్టారు మఫ్లరు గాల్లోకి విసిరి, అది పక్కూరి మాస్టారి నెత్తిన పడినా చూసుకోలేదు. ఆ ఏడు కప్పు వేరే ఊరికి వెళ్లింది, మన మాస్టారికి ఆ సంగతే పట్టలేదు.

పోటీ ముగిసి అందరూ బయటికి వస్తుంటే సూర్రావు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. కూతుర్ని దగ్గరికి తీసుకున్నాడు. తర్వాత మాస్టారి వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అర్థం కాక అడుగుతున్నాడు, అంతే.

"అబ్బదన్నారు గదా మాస్టారూ?"

అన్ని రోజుల తర్వాత గౌరునాయుడు మాస్టారు నోరు విప్పాడు. బొంగురుపోయిన గొంతు తడబడుతూ బయటికి వచ్చింది.

"పిల్లకి చదువు రాకపోవడం కాదు సూర్రావ్. నాకు చెప్పడం రాలేదు."

సూర్రావు కూతురి తల నిమిరాడు. ఆపైన, టౌన్లో ఏ బడి మంచిదో మీరే చూసి చేర్పించాలన్నాడు. ఆదిలక్ష్మి ఆనందం పట్టలేక రోడ్డంతా పరుగెత్తింది. లింగరాజు కూడా వెంట పరుగెత్తాడు, వాడికి కారణం అక్కర్లేదు కాబట్టి.

పిల్లలందరికీ చదువు వస్తుంది, కాకపోతే అందరికీ ఒకే దారిన రాదు. తనకి తెలిసిన దారిన రానివాణ్ణి మొద్దు అనేవాడు గురువు కాడు, బిడ్డ ఏ దారిన వస్తాడో వెతికి ఆ దారిన ఎదురువెళ్లేవాడే గురువు.